పాత కార్డు, కొత్త కార్డు, మధ్యలో మదర్‌బోర్డు

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి పర్లాకిమిడిలోని మా స్టూడియోకు కాస్త తీరిక దొరికేది ఆ నెలలోనే. వేసవి ముహూర్తాల వీడియోల మిక్సింగ్ అప్పటికి పూర్తయి, ఆల్బములు పార్టీలకు చేరిపోయి, సిస్టం క్యాబినెట్ విప్పి దుమ్ము దులుపుకోవడానికి వీలు చిక్కుతుంది. ఈసారి ఆ తీరికలోనే గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు వచ్చి, "మావయ్యా, నీ పాత గ్రాఫిక్స్ కార్డు కంటే కొత్త కార్డు ఎన్ని రెట్లు నయం?" అని అడిగాడు. తెర మీద వీడియో గేముల బొమ్మలు గీయడానికీ, వీడియోల లెక్కలు చేయడానికీ కంప్యూటర్‌లో పెట్టే విడి కార్డు అది. నా సిస్టంలో 2017లో కొన్న ఎన్విడియా కంపెనీ జీటీఎక్స్ 1060 ఉంది. మహేంద్రతనయ నదికి అవతల, పాతపట్నంలో ఇదే పని చేసుకునే మిత్రుడు తన కొత్త తరం ఆర్‌టీఎక్స్ 4060ను వారం రోజులు వాడుకోమని ఇచ్చాడు. రెండు కార్డులనూ మార్చి మార్చి పెట్టి ఆ వారమంతా కొలిచాను. కొలవడం పూర్తయ్యాక కూడా వాడికి ఒక్క అంకెలో జవాబు చెప్పలేదు, చెప్పకూడదనే నిర్ణయానికి వచ్చాను. మా గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో కార్డు కొనే కుర్రవాళ్ళలో చాలామందికి సిస్టం మొత్తం మార్చే స్తోమత ఉండదు, కార్డు ఒక్కటే మారుస్తారు. "ఇన్ని రెట్లు" అనే అంకెను నమ్మి డబ్బు పెట్టాక నష్టపోయేది వాళ్ళే కాబట్టి ఈ విషయం వివరంగా రాస్తున్నాను.

గ్రాఫిక్స్ కార్డుకు తనదంటూ విడిగా ఒక వేగం ఉండదన్నది నా వాదన. ఫలానా పనిని, ఫలానా మదర్‌బోర్డు మీద, ఫలానా సెట్టింగులతో చేయడానికి ఎంత సమయం పట్టిందన్నదే మనం కొలవగలిగినది. పాత కార్డుకూ కొత్త కార్డుకూ ఆ మూడింటినీ మార్చకుండా ఉంచి కొలిచినదాన్నే పోలిక అనాలి. ఈ మాట వినడానికి అందరికీ తెలిసినదే అనిపించవచ్చు, కానీ దుకాణంలో అయినా, ఆన్‌లైన్‌లో అయినా జరిగే పోలికలు దాదాపు ఎప్పుడూ కార్డు పేరు మీదా కోర్ల (చిప్పులో లెక్కలు చేసే చిన్న భాగాల) సంఖ్య మీదా ఆధారపడి సాగుతాయి. ఆ రెండూ ఎంత తప్పుదారి పట్టిస్తాయో ముందు చూద్దాం.

పేరుతో మొదలుపెడితే, 2016 జులైలో వచ్చిన జీటీఎక్స్ 1060 6జీబీ కార్డులో 1280 కోర్లు ఉంటాయి. నెల తిరగగానే అదే పేరుతో వచ్చిన 3జీబీ కార్డులో 1152 కోర్లే ఉన్నాయి. మెమొరీ ఒక్కటే తక్కువని అనుకుని కొన్నవాళ్ళకు చిప్పు కూడా కోత పడినదే దక్కింది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 8జీబీ కార్డులో 2560 కోర్లు, 128 బిట్ల మెమొరీ దారి (చిప్పుకూ మెమొరీకీ మధ్య సమాచారం కదిలే బాట వెడల్పు) ఉంటే, 2024లో వచ్చిన 6జీబీ కార్డులో 2304 కోర్లు, 96 బిట్ల దారి ఉన్నాయి. ఎన్విడియాకు పోటీ కంపెనీ ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 580 అన్న పేరు మీద 2304 ప్రాసెసర్లున్న (కోర్లకు ఏఎండీ వాడే పేరు) అసలు కార్డూ, 2048 మాత్రమే ఉన్న మరో కార్డూ రెండూ అమ్ముడవుతున్నాయి, రెండోది నిజానికి ఆర్‌ఎక్స్ 570కి సమానం. బరంపురంలోనో విశాఖపట్నంలోనో దుకాణదారుకు ఫోన్ చేసి "580 ఉందా?" అని అడిగితే "ఉంది" అనే జవాబే వస్తుంది. వచ్చేది ఏదో పెట్టె మీది చిన్న అక్షరాలు చదివితే గాని తెలియదు.

కోర్ల లెక్క మరీ లోతైన పొరపాటుకు దారి తీస్తుంది. 2017 మార్చిలో వచ్చిన జీటీఎక్స్ 1080 టీఐలో 3584 కోర్లు ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060 12జీబీ కార్డులోనూ సరిగ్గా 3584 కోర్లే ఉన్నాయి. కాగితం మీద సెకనుకు చేయగల లెక్కలు చూస్తే పాతదానికి సుమారు 11.3 టెరాఫ్లాప్స్ (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు), కొత్తదానికి సుమారు 12.7. ఈ అంకెలను బట్టి కొత్తదే గెలవాలి. అయితే రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కించి బొమ్మ గీయడం) లేని అప్పటి ఆటల్లో పెట్టి చూస్తే 1080 టీఐ ఏమాత్రం వెనకబడదు, కొన్నిట్లో ముందుంటుంది కూడా. దీనికి కారణం కోరు అన్న మాటకు అర్థం మారిపోవడమే. ఆంపియర్ తరంలో, అంటే 3000 వరుసలో, ఎన్విడియా దశాంశ లెక్కలు చేసే భాగాలను రెట్టింపు చేసింది, కానీ వాటిలో సగం భాగాలు పూర్ణాంకాల లెక్కలకు కూడా ఉపయోగపడాలి. ఆటలో చిరునామాలు వెతకడానికీ, సూచికలు లెక్కించడానికీ పూర్ణాంకాల పని పడినప్పుడల్లా ఆ సగం భాగాలు అటు వెళ్ళిపోతాయి. అందుకే కాగితం మీద కనిపించే అంకె పనిలో పూర్తిగా కనిపించదు. నా 1060కి సుమారు 4.4 టెరాఫ్లాప్స్ అంటారు కాబట్టి 3060 దానికి దాదాపు మూడింతలు ఉండాలి, ఆటల్లో మాత్రం రెండింతల దగ్గరే ఆగుతుంది. ఒకే తరానికి చెందిన రెండు కార్డులను కోర్లతో పోల్చుకోవచ్చు, తరం మారితే ఆ పోలిక చెల్లదు.

మెమొరీ వేగం విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. 1060 మెమొరీ దారి 192 బిట్లు, సెకనుకు 192 జీబీ సమాచారం కదులుతుంది. ఏడేళ్ళ తర్వాత వచ్చిన 4060లో ఆ దారి 128 బిట్లకు కుదించుకుపోయింది, మెమొరీ రకం మెరుగైంది కనుక వేగం 272 జీబీకి చేరింది. పాత 3060కి 360 జీబీ ఉండగా కొత్త 4060కి 272 ఏమిటని చాలామంది కోప్పడ్డారు. ఆ కోపంలో న్యాయం ఉంది గాని అది పూర్తి కథ కాదు. 3060 చిప్పులో 3 ఎంబీ ఉన్న ఎల్2 క్యాష్ (చిప్పులోనే ఉండే చిన్న, వేగమైన మెమొరీ) 4060లో 24 ఎంబీ అయింది. మాటిమాటికీ కావలసిన సమాచారం చిప్పు పక్కనే దొరికితే బయటి మెమొరీ దాకా వెళ్ళే అవసరం తగ్గుతుంది, అందువల్ల ఫుల్ హెచ్‌డీ తెర మీద 4060 తన పెద్దన్నను దాటిపోగలుగుతుంది. తెర 4కే అయినప్పుడు మాత్రం ఆ క్యాష్ చాలదు, ఇరుకు దారి బయటపడుతుంది. కాబట్టి ఏ తెర మీద కొలిచారో చెప్పని పోలికకు విలువ ఇవ్వనక్కరలేదు.

నేను కొలిచిన పద్ధతి చెబుతాను. ఏడో తరం ఐ7, 16 జీబీ ర్యామ్ ఉన్న నా స్టూడియో సిస్టంలో ఒక కార్డు తీసి ఇంకో కార్డు పెట్టడం తప్ప మరేమీ మార్చలేదు. పాత కార్డుకు ముందుగా ఫ్యాన్లు శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్టు (చిప్పు వేడిని బయటికి పంపే పూత) గీకి కొత్తది రాశాను, ఎందుకంటే ఎనిమిదేళ్ళ దుమ్ముతో ఉన్న కార్డును పెట్టెలోంచి అప్పుడే తీసిన కార్డుతో పోల్చితే దుమ్మును కొలిచినట్టవుతుంది. ప్రతి పనినీ మూడుసార్లు చేసి, మొదటిసారి వచ్చిన సమయాన్ని వదిలేశాను.

మొదటి పని నా వృత్తిలో అతి కష్టమైనది. మా వైపు రాత్రి ముహూర్తాలు ఎక్కువ. పందిట్లో రంగు లైట్ల మధ్య తీసిన వీడియోలో చుక్కచుక్కలుగా గ్రెయిన్ కనబడుతుంది, దాన్ని తొలగించడానికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావించీ రిజాల్వ్‌లో నాయిస్ రిడక్షన్ వేస్తాం. ఆ లెక్క మొత్తం గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. పాత కార్డు మీద గంట దాటిన జీలకర్ర బెల్లం ఘట్టం కొత్త కార్డు మీద అరగంటలోపు అయిపోయింది. రెండో పని మామూలు కత్తిరింపులూ పేర్లూ పాటలూ కలిపిన ముక్క. అందులో రెండు కార్డుల మధ్య తేడా నిమిషాల్లో చెప్పుకోదగినంత లేదు, ఎందుకంటే అక్కడ ఎదురుచూపు హార్డ్ డిస్కు కోసమూ ప్రాసెసర్ కోసమూ గాని కార్డు కోసం కాదు. ఒకే స్టూడియో, ఒకే మనిషి, ఒకే పెళ్ళి, అయినా "ఎన్ని రెట్లు" అన్నదానికి రెండు జవాబులు వచ్చాయి. ఏది నిజమంటే రెండూ నిజమే. పగటి పెళ్ళిళ్ళు మాత్రమే తీసేవారికి కొత్త కార్డు మీద పెట్టే డబ్బు కంటే ఎస్‌ఎస్‌డీ మీద పెట్టే డబ్బు ఎక్కువ ఫలితం ఇస్తుందని నేను ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

మూడో పని మేనల్లుడి కోసం, ఆటలది. ఇక్కడ సగటు ఫ్రేముల (తెర మీద ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే బొమ్మల) సంఖ్యను నేను చివర చూశాను. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కొక్క ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. ఒక సెకనులో 59 ఫ్రేములు చకచకా వచ్చి ఒక్క ఫ్రేము మాత్రం పావు సెకను ఆగిపోయినా సగటు బాగానే కనిపిస్తుంది, ఆడుతున్నవాడి కంటికి మాత్రం బొమ్మ తడబడుతుంది. ఈ లోపాన్ని ఎత్తిచూపుతూ 2011లో స్కాట్ వాసన్ అనే సమీక్షకుడు టెక్ రిపోర్ట్‌లో ప్రతి ఫ్రేముకూ పట్టే కాలాన్ని విడివిడిగా కొలిచి చూపించాక, కార్డుల సమీక్షలు రాసే తీరే మారిపోయింది. ఇప్పుడు సమీక్షల్లో కనిపించే "ఒక శాతం కనిష్ఠం" (అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం) అన్న అంకె ఆ ఆలోచన నుంచి వచ్చినదే. పాత కార్డును కొత్తదానితో పోల్చేటప్పుడు ఆ అంకె మరింత ముఖ్యమవుతుంది, ఎందుకంటే పాత కార్డులు సగటులో కంటే ముందు తడబాటులో దెబ్బతింటాయి. దానికి కారణం తరచుగా చిప్పు కాదు, మెమొరీ నిండిపోవడం.

మెమొరీ నిండితే ఏమవుతుందో తెలిస్తే నా వాదనలో కీలకమైన భాగం అర్థమవుతుంది. ఆటకు కావలసిన బొమ్మలు కార్డు మెమొరీలో పట్టకపోతే మిగిలినవి సిస్టం ర్యామ్‌లోకి పోతాయి, కావలసినప్పుడల్లా మదర్‌బోర్డు మీద కార్డును గుచ్చే స్లాటు గుండా రావాలి. కార్డు లోపల సెకనుకు 192 జీబీ కదిలేచోట, మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో సమాచారం నడిచే 16 దారులూ (లేన్లు) ఉన్నా వచ్చేది సుమారు 16 జీబీ మాత్రమే. నా 1060 ఆ 16 దారులనూ వాడుకుంటుంది. 4060కి మాత్రం తయారీలోనే 8 దారులు ఇచ్చారు. నాలుగో తరం స్లాటులో పెడితే ఆ ఎనిమిదే సుమారు 16 జీబీ ఇస్తాయి కాబట్టి లోటు తెలియదు. నా మూడో తరం బోర్డులో అది సగమై 8 జీబీ అవుతుంది. ఇక మేనల్లుడి సిస్టం హెచ్81 బోర్డు, నాలుగో తరం ఐ5. ఆ బోర్డు రెండో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అందులో 4060కి దక్కేది సుమారు 4 జీబీ. అదే బోర్డులో పాత 1060కి 8 జీబీ దక్కుతుంది.

ఇలాంటి బోర్డులున్న ఇళ్ళు మా ఊళ్ళో ఎన్నో ఉన్నాయి. సమీక్ష రాసేవారు తాజా మదర్‌బోర్డు మీద, తాజా ప్రాసెసర్‌తో కొలుస్తారు. కార్డు బలాన్ని విడిగా చూపడానికి అది సరైన పద్ధతే, దానిలో తప్పు పట్టను. చదివేవారు మాత్రం ఆ అంకెలు తమ ఇంటికి కూడా వర్తిస్తాయని అనుకుంటారు. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ దీనికి గట్టి ఉదాహరణ. దానికి ఇచ్చినవి నాలుగు దారులే, మెమొరీ 4 జీబీయే. కొత్త బోర్డు మీద పరవాలేదనిపించిన ఆ కార్డు మూడో తరం బోర్డులో పెట్టగానే ఎన్నో ఆటల్లో చతికిలపడింది. పైగా వీడియోను హెచ్.264 (వీడియోను కుదించి దాచే వాడుక పద్ధతి) లోకి మార్చే భాగం అందులో అసలు పెట్టలేదు, అంటే నాలాంటివాడికి అంతకు ఆరేళ్ళ ముందరి కార్డు కన్నా తక్కువ. తక్కువ ధర కార్డులు కొనేది పాత బోర్డులున్నవారే, దారులు కోసేది తక్కువ ధర కార్డులకే. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మేనల్లుడి సిస్టంలో 4060 పెట్టి చూశాం. వాడు ఆడే ఆటలో సగటు కాస్త పెరిగింది, తడబాటు మాత్రం తగ్గలేదు. తెర మూలన అంకెలు పెట్టి చూస్తే కార్డు సగం ఖాళీగా కూర్చుంది, ప్రాసెసర్ నాలుగు కోర్లూ నిండిపోయి ఉన్నాయి.

ఎండ గురించీ కరెంటు గురించీ కూడా చెప్పాలి. పాస్కల్ తరం కార్డులు, అంటే నా 1060 లాంటివి, చిప్పు వేడెక్కే కొద్దీ క్లాకును (చిప్పు నడిచే వేగాన్ని) మెట్లు మెట్లుగా దించుకుంటాయి, దాదాపు 83 డిగ్రీల దగ్గర ఇంకా గట్టిగా దిగుతాయి. ఏసీ గదిలో కొలిచిన అంకెకూ, వైశాఖమాసం మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు కింద కొలిచిన అంకెకూ తేడా ఉంటుంది. కరెంటు విషయంలో మాత్రం కొత్త కార్డులకు నేను మనస్ఫూర్తిగా మార్కులు వేస్తాను. 1060 వాడుకునేది 120 వాట్లు, 4060 వాడుకునేది 115. అంత కరెంటుతోనే రెండింతలకు పైబడిన పని జరుగుతోంది, 1060 నాటి పదహారు నానోమీటర్ల చిప్పు తయారీ నుంచి ఇక్కడి దాకా వచ్చిన అసలైన ప్రగతి అదే. 1080 టీఐ 250 వాట్లు అడిగేచోట దాదాపు అంతే పని చేసే 3060కి 170 చాలు. రోజుకు ఆరు గంటల రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను చివరి ఫైలుగా తయారుచేయడం) అనుకుంటే ఆ 80 వాట్ల తేడా ఏడాదికి 175 యూనిట్లవుతుంది. బిల్లు కంటే ముఖ్యమైనది యూపీఎస్. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాను కుదిపేసి రోజుల తరబడి చీకటిలో ఉంచిన తర్వాత, యూపీఎస్ లేకుండా రెండర్ పెట్టే అలవాటు మానుకున్నాను. దుకాణంలో దొరికే 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లు మోస్తుంది. 1080 టీఐ ఉన్న సిస్టం నిండు పనిలో ఉండగా కరెంటు పోతే ఆ యూపీఎస్ మోయలేక కూలబడుతుంది. 4060 ఉన్నది ఫైలు సేవ్ చేసుకునేంత వ్యవధి ఇస్తుంది. ఈ పోలిక ఏ పట్టికలోనూ కనబడదు, మాకు మాత్రం ఇది పనితీరులో భాగమే.

పట్టికల మాట వచ్చింది కాబట్టి, ఈ మధ్య వాటిని పాడుచేస్తున్న విషయం ఒకటి సూటిగా చెప్పాలి. 2025 జనవరిలో ఎన్విడియా అధినేత జెన్సెన్ హువాంగ్ 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 కార్డు అంతకుముందు తరంలో అన్నిటికంటే పెద్దదైన 4090 పనితీరును ఇస్తుందని ప్రకటించారు. 5070లో ఉన్నవి 6144 కోర్లు, 4090లో 16384. ఈ సమానత్వం ఎక్కడిదంటే, కార్డు నిజంగా గీసిన ఒక్కొక్క ఫ్రేముకు జతగా మరో మూడు ఫ్రేములను ఊహించి పూరించే సౌకర్యాన్ని కలుపుకుని లెక్కవేసినది. ఆ సౌకర్యం చెడ్డదని నేను అనను, బొమ్మ కంటికి నునుపుగా కనిపిస్తుంది. కానీ తెర మీద 120 ఫ్రేములు కనబడుతున్నప్పుడు వాటిలో 30 మాత్రమే ఆటగాడి చేతి కదలికను చదివి గీసినవైతే, మీట నొక్కినప్పుడు జవాబు వచ్చే వేగం 30 ఫ్రేముల ఆటదే, ఇంకా కాస్త ఆలస్యం కూడా, ఎందుకంటే మధ్య ఫ్రేములను ఊహించాలంటే తర్వాతి ఫ్రేమును ఆపి ఉంచాలి. ఊహించిన ఫ్రేములను పాత కార్డు గీసిన ఫ్రేముల పక్కన పెట్టి రెట్లు లెక్కించడం కొలత కాదు. అది అదనపు సౌకర్యమని విడిగా రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అలాగని "పాతదే బంగారం" అనేవారితోనూ నేను ఏకీభవించను. ఆటల్లోనూ మా వృత్తిలోనూ ఆ మాట చెల్లని చోట్లు ఉన్నాయి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట రే ట్రేసింగ్ చేసే చిప్పు లేని కార్డు మీద మొదలే కాదు, అక్కడ 1080 టీఐ బలం ఎంతున్నా ఉపయోగం లేదు. మాక్స్‌వెల్, పాస్కల్ తరాల పాత కార్డులకు ఆటల డ్రైవర్లు (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, భద్రతకు సంబంధించిన సవరణలు మాత్రం 2028 అక్టోబరు దాకా వస్తాయి. ఇక కెమెరాల సంగతి. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటిలో రంగుల వివరాన్ని ఎక్కువగా దాచే 4:2:2, 10 బిట్ వీడియో తీయవచ్చు, పట్టుచీర రంగు దిద్దేటప్పుడు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆ వీడియోను విప్పే సర్క్యూటు ఎన్విడియా కార్డుల్లో 5000 వరుసతోనే వచ్చింది. అంటే ఈ ఒక్క పనిలో అంతటి 4090 కూడా చిన్న 5060 ముందు తల వంచాలి. కోర్లూ టెరాఫ్లాప్సూ ఎన్ని చూసినా ఈ సంగతి వాటిలో ఎక్కడా కనబడదు.

సెకండ్ హ్యాండ్ కార్డుల గురించి క్లుప్తంగా. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగ్ (కార్డులతో ఆగకుండా లెక్కలు చేయించి కరెన్సీ సంపాదించడం) అక్కరలేని పద్ధతికి మారగానే మైనింగ్‌లో నలిగిన కార్డులు బజారును ముంచెత్తాయి. ఆ రోజుల్లో నేను కూడా ఒకటి కొన్నాను, పదిహేను రోజులు తిరగకుండానే తెర నిండా రంగు గళ్ళు పడ్డాయి, అమ్మినవారు ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. అప్పటినుంచి కార్డును పని మీద నడిపి, అరగంట వేడెక్కనిచ్చి, కార్డు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్ జీపీయూ-జెడ్‌లో కోర్లూ మెమొరీ రకమూ స్లాటు దారులూ చూశాకే డబ్బు ఇస్తున్నాను. పాత చిప్పు మీద కొత్త పేరు ఎక్కించిన నకిలీ కార్డులను కూడా ఆ సాఫ్ట్‌వేర్ చాలావరకు పట్టుకుంటుంది.

వారం చివర 4060ను పాతపట్నం తీసుకెళ్ళి మిత్రుడికి ఇచ్చేశాను. నాకోసం సెకండ్ హ్యాండ్ 3060 12జీబీ కార్డు ఒకటి చూసుకున్నాను. 4కే టైమ్‌లైనులో గ్రేడింగ్ (రంగులు దిద్దడం) మీద నాయిస్ రిడక్షన్ కూడా వేస్తే 4060లోని 8 జీబీ మెమొరీ నిండిపోయి రిజాల్వ్ "జీపీయూ మెమొరీ నిండింది" అని ఆగిపోవడం ఆ వారంలో రెండుసార్లు చూశాను. కాస్త నెమ్మదిగా అయినా పూర్తయ్యే రెండర్ నాకు కావాలి. అది 16 దారులూ వాడుకునే కార్డు కూడా, నా బోర్డుకు అదీ కలిసొచ్చింది. నా 1060 మేనల్లుడికి వెళ్ళింది. నౌపడా నుంచి వచ్చే గుణుపురం బండిలో దాన్ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాడు. ఆ రాత్రి ఫోన్ చేసి, ఇంతకుముందున్న 750 టీఐ కార్డు మీద ఎలా ఉండేదో, దీని మీద ఎలా ఉందో చెప్పాడు. ఎన్ని రెట్లో చెప్పలేదు, తెర మూలన ఫ్రేము కాలం 16 దగ్గర నిలకడగా ఉందన్నాడు.